మిల్లుకొచ్చిన రైలింజన్ బాయిలర్: ఇన్‌స్పెక్షన్ గట్టెక్కిన నా అనుభవం

1990ల చివర్లో తూర్పు గోదావరిలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఫైర్‌మన్ దగ్గర హెల్పర్‌గా చేరాను. అక్కడున్నది రైలింజన్ బాయిలర్. చక్రాలు, సిలిండర్లు, రాడ్లు అన్నీ ఊడదీసి, ఉత్త బాయిలర్‌ని ఇటుక దిమ్మల మీద కూర్చోబెట్టి, పైన డోమ్ (ఆవిరి చేరే గుమ్మటం) దగ్గర్నుంచి పైపు లాగి ధాన్యం ఉడికే ట్యాంకులకీ డ్రయ్యర్‌కీ స్టీమ్ ఇచ్చేవాళ్లు.

ఇదేం వింత కాదు. 1804లో వేల్స్‌లోని పెనీడారెన్ ఇనుప కార్ఖానాలో రిచర్డ్ ట్రెవితిక్ నడిపిన మొదటి రైలింజన్‌కీ ఇదే జరిగింది. 10 టన్నుల ఇనుము లాగింది కానీ దాని బరువుకి పోత ఇనుప పట్టాలు విరిగిపోతుంటే, చివరికి దాన్ని కార్ఖానాలోనే ఒకచోట నిలబెట్టి పని చేయించుకున్నారు.

కానీ నిలబెట్టాక దాని ఊపిరి మారిపోతుంది, మా బాబాయ్ (సీనియర్ ఫైర్‌మన్, అందరం అలాగే పిలిచేవాళ్లం) నాకు ముందు నేర్పింది అదే. పట్టాల మీద ఉన్నప్పుడు సిలిండర్లలో పని చేసొచ్చిన ఆవిరి స్మోక్‌బాక్స్ (ముందు పొగ చేరే గది) లోంచి పొగగొట్టంలోకి ఎగదన్నుతుంది, ఆ ఊపుకి ఫైర్‌బాక్స్ (మంట మండే గది) లోకి గాలి లాక్కుంటుంది. ఛుక్ ఛుక్ అని వినిపించేది అదే. బండి ఎంత గట్టిగా లాగితే మంట అంత రాజుకుంటుంది. సిలిండర్లే లేకపోతే ఆ ఊపు ఎక్కడిది? అందుకే మా దానికి ఎత్తు చిమ్నీ కట్టి ఫ్యాన్ పెట్టారు. పైగా అది బొగ్గు కోసం పుట్టిన ఫైర్‌బాక్స్, మేం వేసేది ఊక. గాలి కాస్త ఎక్కువైతే ఊక కాలకుండానే ఎగిరి ట్యూబుల్లో (వేడి పొగ వెళ్లే గొట్టాల్లో) ఇరుక్కుంటుంది, కాలినదాంట్లో కూడా అయిదో వంతు బూడిదే. వారానికోసారి ట్యూబులు బ్రష్‌తో తోమకపోతే స్టీమ్ పడిపోయేది.

రైల్వే చేతిలో ఉన్నన్నాళ్లూ దాని బాగోగులు వాళ్లే చూసుకునేవాళ్లు. మిల్లుకొచ్చాక అప్పటి 1923 బాయిలర్ల చట్టం కింద రిజిస్టర్ చేయించాల్సి వచ్చేది, ఏటా ఇన్‌స్పెక్షన్ పాసవ్వాల్సి ఉండేది, సర్టిఫికెట్ 12 నెలలే ఉండేది. ఆ ఏడాది సరిగ్గా ఇన్‌స్పెక్షన్ ముందు బాబాయ్‌కి టైఫాయిడ్ వచ్చింది. ఓనరు గారు "నువ్వే చూడరా" అన్నారు. బయట కొత్త ధాన్యం కుప్పలు పడి ఉన్నాయి. రెండు రాత్రులు నిద్రపోలేదు.

చలాన్ కట్టి డేట్ తీసుకున్నాం. బాయిలర్ చల్లారనిచ్చి, నీళ్లు వదిలేసి, కింది మూతలన్నీ విప్పాం. బోరు నీళ్ల వల్ల ఫైర్‌బాక్స్ చుట్టూ సున్నం గట్టిగా పట్టేసి ఉంది, సుత్తితో చిన్నగా కొడుతూ పెచ్చులు పెచ్చులుగా రాల్చాం. లోపలి నీటిమట్టం చూపే గేజి గ్లాసుల దారులు శుభ్రం చేశాం. ఫైర్‌బాక్స్ కప్పులో ఉండే ఫ్యూజిబుల్ ప్లగ్ కొత్తది వేశాం. నీళ్లు తగ్గితే దాంట్లోని సీసం కరిగి ఆవిరి మంట మీద పడుతుంది, దాని విషయంలో బేరం ఆడకూడదు.

అసలు కథ ఇన్‌స్పెక్టర్ గారు రాకముందు మేం చేసుకున్న ట్రయల్‌లో బయటపడింది. బాయిలర్ నిండా నీళ్లు నింపి, గాలంతా పోనిచ్చి చేతిపంపుతో కొడుతున్నాం. మా వర్కింగ్ ప్రెజర్ చదరపు సెంటీమీటరుకి 7 కిలోలు, టెస్ట్ దానికి ఒకటిన్నర రెట్లు, అంటే పదిన్నర. ముల్లు 8 దాటగానే పక్క ప్లేటు మీద ఒక స్టే మధ్యనున్న సూదిబెజ్జం లోంచి నీటిచుక్క వచ్చి నిలబడింది. తుడిస్తే మళ్లీ వచ్చింది.

ఫైర్‌బాక్స్ లోపలి ప్లేటునీ బయటి ప్లేటునీ పట్టి ఉంచే కడ్డీలే స్టేలు, మధ్యలో నీళ్లుంటాయి. కడ్డీ లోపల విరిగితే బయటికి తెలీదు కాబట్టి దాని మొదట్లో సన్నటి చిల్లు వేసి ఉంచుతారు, విరిగితే అక్కణ్ణుంచి నీళ్లు కారతాయి. ఆ చిల్లు ఉన్నదే మనకు చెప్పడానికి. మిల్లులో ఒకాయన "మేకు కొట్టేయ్, రేపు పాసైపోద్ది" అన్నాడు. చెయ్యనన్నాను. విరిగిన స్టే మోసే బరువు చుట్టూ ఉన్నవాటి మీద పడుతుంది, వాటిలో ఇంకోటి పోతే ఆ ప్లేటు ఉబ్బుతుంది, మంట ముందు నిలబడేది నేనూ బాబాయ్.

సాయంత్రం బాబాయ్ ఇంటికెళ్లి చెబితే, మంచం మీద నుంచే "మంచి పని చేశావురా, రేపు ఆయనకి ముందు అదే చూపించు" అన్నాడు బాబాయ్.

చూపించాను. ఇన్‌స్పెక్టర్ గారు చిన్న సుత్తితో స్టేల మీద వరసగా తట్టుకుంటూ వెళ్లారు, మంచివి ఖంగుమన్నాయి, ఇంకొకటి మాత్రం మట్టికుండ పగిలినట్టు మోగింది. రెండూ మార్చమని రాసి, ఆ రోజు పాస్ చేయలేదు. ఓనరు గారి మొహం చూడలేకపోయాను. పాతవి డ్రిల్ చేసి తీసి, మరలు కోసి, కొత్తవి బిగించి రెండు వైపులా తలలు కొట్టేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

మళ్లీ టెస్ట్. పదిన్నర దగ్గర పది నిమిషాలు ముల్లు కదల్లేదు. తర్వాత స్టీమ్ టెస్ట్‌లో 7 దగ్గర సేఫ్టీ వాల్వ్ బుస్సుమని లేచింది. ఆ రాత్రే మొదటి ట్యాంకుకి వాల్వ్ తిప్పాను, కాసేపటికి మిల్లంతా ఉడికిన ధాన్యం వాసన.