వరి మళ్లలో ట్రయల్, సూర్యలంకలో వేట: రీల్ సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే

చేపల గాలం కర్రకు ఏ రీల్ కొనాలా అని వెతికితే ఇప్పటికి తేలింది ఇది: 8000 సైజు స్పిన్నింగ్ రీల్ (హ్యాండిల్ తిప్పి దారం చుట్టేది) ఒకటి, దానికి స్పూళ్లు, అంటే దారం చుట్టుకునే ఉండెలు, రెండు. ఒక స్పూల్‌కు నైలాన్ చుట్టి నాగార్జునసాగర్‌కు, ఇంకోదానికి బ్రెయిడ్ (సన్నని పోగులతో అల్లిన దారం) చుట్టి సముద్రానికి. మిర్యాలగూడలో ఉండేవాడికి సముద్రం ఎప్పుడో ఒకసారి దొరికే పండుగ. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా బాపట్ల చేరి, అక్కడి నుంచి ఇంకో 9 కిలోమీటర్లు పోతేగానీ సూర్యలంక ఇసుకలో కాలు పెట్టలేం. మిగతా రోజులన్నీ సాగర్ నీళ్లలో బొచ్చె, రవ్వ చేపలతోనే సరి. అది కూడా అనుమతి ఉన్న చోటే. వెనక జలాల్లో కొంత భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యాన్ని ఆనుకుని ఉంది, అటు పోవద్దు.

సైజు తేల్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. ఒక కంపెనీ 8000, ఇంకో కంపెనీ 8000 ఒకటే ఉండవు. అందుకే ఆ నంబర్ చూడటం మానేసి, స్పూల్ మీద ఏ మందం దారం ఎన్ని మీటర్లు పడుతుందని రాశారో అదే చూస్తున్నా. బ్రెయిడ్ మందం పీఈ నంబర్లలో ఉంటుంది: పీఈ 2 అంటే 0.235 మిల్లీమీటర్లు, పీఈ 3 అంటే 0.285. నాకు పీఈ 2 ఒక 300 మీటర్లు పట్టాలి. విసిరేది వంద లోపే అయినా, చేప లాక్కుపోయేదానికి కొంత కావాలి, ఇసుకకు రాసుకుని పాడైన ముందు భాగం కోసి పారేసేదానికి ఇంకొంత కావాలి. అడుగున కాస్త నైలాన్ చుట్టి దాని మీద బ్రెయిడ్ ఎక్కించాలి, లేకపోతే మొత్తం చుట్ట స్పూల్ మీదే జారి తిరుగుతుంది. అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల కింద ఆపాలి. ఇంకా నింపితే విసిరినప్పుడు ఉండలు ఉండలుగా ఊడొస్తుంది, తక్కువైతే దూరం పోదు.

బేరింగుల లెక్క మీద నాకు నమ్మకం లేదు. డబ్బా మీద ‘11+1’ అని పెద్దగా రాసిన చౌక రీల్ కంటే, అయిదారు మంచి బేరింగులతో గట్టి బాడీ ఉన్నదే మేలు. నాలుగు ఔన్సుల సీసం గుండును అలల్లోంచి లాగేటప్పుడు బాడీ వంగితే లోపల గేర్ పళ్లు సరిగ్గా కూర్చోవు. షాపులో హ్యాండిల్ తిప్పుతూ ఇంకో చేత్తో రోటర్‌ను (స్పూల్ చుట్టూ తిరిగే భాగం) అటూ ఇటూ కదిపి చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

గేర్ నిష్పత్తికి, అంటే హ్యాండిల్ ఒక్క తిప్పుకు రోటర్ ఎన్ని చుట్లు తిరుగుతుందో దానికి, కాగితం మీద లెక్క వేసుకున్నా. స్పూల్ అడ్డం 6.5 సెంటీమీటర్లు అయితే చుట్టుకొలత 20 సెంటీమీటర్ల పైచిలుకు. 4.9:1 గేర్‌తో హ్యాండిల్ ఒక్క తిప్పుకు మీటరు దారం వస్తుంది, 6.2:1తో దాదాపు మీటరుంపావు. రాళ్ల తీరంలో సీసం త్వరగా పైకి లేవాలి కాబట్టి వేగం పనికొస్తుంది. సూర్యలంక అంతా ఇసుకే. పైగా బరువు లాగేటప్పుడు వేగం గేర్ మణికట్టును చంపేస్తుంది. 4.9 తీసుకున్నా.

డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు దారాన్ని ఆపుతూ వదిలే బ్రేకు. అది 15 కిలోలు, 20 కిలోలు అని చెప్పేది ప్రచారానికే. 30 పౌండ్ల దారం అంటే 13.6 కిలోల లాగుడు దాకా తెగనిది. డ్రాగ్ పెట్టేది అందులో పావు నుంచి మూడో వంతు, అంటే మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు. పన్నెండడుగుల కర్ర పట్టుకుని అంతకు మించి ఆపడం నా భుజాల వల్ల కాదు. చూడాల్సింది ఆ నాలుగు కిలోల దగ్గర దారం కుదుపు లేకుండా జారుతుందా అని. బ్యాగుల బరువు తూచే చేతి కాటాకు దారం కట్టి లాగి చూశా. ఒక రీల్ ఆగి ఆగి వదిలింది. దాన్ని అక్కడే పక్కన పెట్టేశా.

నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలింగ్ సంగతి: పెన్ కంపెనీ స్పిన్‌ఫిషర్ 6 లాంటి రీళ్లు ఐపీఎక్స్5 అని వస్తాయి. అంటే నీటి ధార కొట్టినా తట్టుకుంటుందని, నీళ్లలో ముంచొచ్చని కాదు. అది నా జేబుకు మించింది. నేను తీసుకున్నదానికి అంత సీల్ లేదు, అందుకే కడగడం దగ్గర బద్ధకం పనికిరాదు.

యాసంగి కోతలయ్యాక సాగర్ ఎడమ కాలువ కింద మళ్లు ఖాళీగా ఉంటాయి. విసరడం ప్రాక్టీసు అక్కడే. కొక్కెం లేకుండా ఉత్త సీసం, దానికి ఎర్రగుడ్డ పీలిక. ముందు ఎవరూ ఉండొద్దు, పక్కన మేకలు కూడా ఉండొద్దు. దారం తెగితే ఆ సీసం ఎటు పోతుందో చెప్పలేం. అందుకే షాక్ లీడర్ (విసురు దెబ్బకు తెగకుండా దారం చివర కట్టే మందం దారం) తప్పనిసరి: ఔన్సుకు పది పౌండ్లు, అంటే నాలుగు ఔన్సులకు 40 పౌండ్లది. లీడర్ పొడవు విసిరే ముందు స్పూల్ మీద అయిదారు చుట్లు ఉండేంత. రెండు దారాలను కలిపే ముడి ఎఫ్‌జీ అనేది, సన్నగా ఉంటుంది, కర్ర రింగుల్లో చిక్కుకోదు. వరి కొయ్యకాళ్లు దారాన్ని గీరేస్తాయి కాబట్టి మళ్లలో పాత దారమే వాడుతున్నా. టేపుతో కొలిస్తే నైలాన్ 70 మీటర్ల దగ్గర ఆగింది, బ్రెయిడ్ 90 దాకా పోయింది. గట్టు మీద కూర్చున్న మా బావ, ‘ఏంది బామ్మర్దీ, మడిలో ఏం పడ్డది?’ అని అడిగిండు. ఎలుక కూడా పడలేదు.

గట్టిగా విసిరినప్పుడు బెయిల్ (దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే తీగ కమ్మి) మధ్యలోనే మూసుకుంటుందా అన్నదీ మళ్లలోనే చూసుకోవాలి. అలా మూసుకుంటే సీసం తెగి పోవడం ఖాయం. ఈ రీల్‌లో రోటర్‌ను పట్టి ఉంచే రబ్బరు రింగు ఉంది, ఇప్పటికైతే మూసుకోలేదు. బ్రెయిడ్ చూపుడువేలిని కోస్తుంది, సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కుంటున్నా.

సూర్యలంక నుంచి వచ్చాక చేసేది: డ్రాగ్ పూర్తిగా బిగించి, మంచినీళ్లు సన్నగా పోయడం. పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. తుడిచి, డ్రాగ్ వదులు చేసి నీడలో ఆరబెట్టడం. ఆ తర్వాత దారం ఆనుకుని తిరిగే చిన్న రోలర్‌లో ఒక్క చుక్క నూనె. ఉప్పు ముందు పట్టేది అక్కడే. మొన్న విప్పి చూస్తే అప్పుడే తెల్లటి పొర కట్టి ఉంది. ఆ రోలర్ బేరింగ్ విడిగా తెప్పించుకోవచ్చు, ఒక స్పేర్‌కు ఆర్డర్ పెట్టా. అది వచ్చేదాకా నైలాన్ స్పూల్ వేసుకుని సాగరే.