ఒక్క మగపురుగు దొరికాక

వరిని కాల్చేసే సుడిదోమ అందరికీ తెలుసు. దాని దూరపు చుట్టాలు కొబ్బరి, పామ్ చెట్ల మీదా ఉంటాయి. మట్ట వంచి ఆకు అడుగున చూస్తే నాలుగైదు మిల్లీమీటర్ల పురుగులు. చెయ్యి నీడ పడితే పక్కకి జరుగుతాయి, ఇంకా దగ్గరికెళితే టప్పున ఎగిరిపోతాయి. ఆస్పిరేటర్ గొట్టంతో పీల్చి పట్టడమే. గొట్టంలో జాలీ చిరిగిందేమో ముందే చూసుకోవాలి. నేను చూసుకోలేదు, ఒకటి నోట్లోకే వచ్చింది.

మిగిలినవాటిని 95 శాతం ఇథనాల్‌లో వేశాను. మైక్రోస్కోప్ కింద మీసాలు కళ్ల దిగువన కనిపించాయి, అంటే సుడిదోమ బృందపు ప్లాంట్‌హాపరే. కుటుంబం సిక్సిడే అని కూడా తేలిగ్గానే తేలింది. రెక్కల మచ్చలు చూసి కొత్త జాతే అని సంబరపడ్డాను. తీరా చూస్తే అన్నీ ఆడవే! వీటిలో జాతిని పట్టిచ్చేది ముఖ్యంగా మగదాని జననాంగాలు. మళ్లీ చెట్ల చుట్టూ తిరిగితే రెండు మగవి దొరికాయి.

పొట్ట చివర కోసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వెచ్చబెడితే కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. మొదటిదాన్ని పెట్టి వేరే పనిలో పడ్డాను. వచ్చేసరికి పాలిపోయి ఉంది, సూది తగలగానే ముద్దయింది. రెండోదాని పక్కనుంచి కదల్లేదు. గ్లిజరిన్ బొట్టులో తిప్పి చూస్తే ఈడియాగస్ (మగ జననాంగం) మీద ఒక ముల్లు కొక్కెంలా వెనక్కి వంగి ఉంది. పాత పరిశోధన పత్రాల బొమ్మల్లో అలాంటిది ఎక్కడా లేదు.

పాత బొమ్మలు వెతకడమూ ఓ యాతనే, పేర్లు మారిపోతుంటాయి. కొబ్బరి చెట్టును పసుపెక్కించి చంపే లీథల్ యెల్లోయింగ్ తెగులు అంటించే పురుగు హాప్లాక్సియస్ క్రూడస్‌నే తీసుకోండి. 1907లో వాన్ డూజీ దాన్ని మిండస్ ప్రజాతిలో పెట్టాడు. ఆ పేరుతో వెతక్కపోతే పాత రాతలు చాలా తప్పిపోతాయి.

ఆడదానిదీ మగదానిదీ ఒక్కో కాలు తీసి, జాతుల్ని పోల్చడానికి వాడే సీఓఐ జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాల ముక్క చదివించాం. రెండూ ఒకే జాతివని తేలింది అప్పుడే. పేరు దగ్గర మాత్రం పరువు పోయింది. శాస్త్రీయ నామంలో రెండు మాటల లింగమూ కలవాలి; ప్రజాతి పేరు పుంలింగం, నేను పెట్టిన విశేషణం స్త్రీలింగం. సమీక్షకుడు దిద్దాడు. ఆన్‌లైన్‌లోనే వచ్చే పత్రంలో పేరు చెల్లాలంటే జంతువుల పేర్ల రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు కావాలని 2012 నుంచి నిబంధన, అదీ చేయించాను.

ఆ మగపురుగే హోలోటైప్, అంటే ఈ జాతి పేరుకు ఆధారమైన నమూనా; ఎర్ర చీటీతో మ్యూజియం పెట్టెలో ఉంది. పిల్లపురుగులు మాత్రం ఇంకా చిక్కలేదు. ఈ కుటుంబంలో అవి నేలలో వేళ్ల రసం పీలుస్తూ పెరుగుతాయి. అందుకే ఇప్పుడు చెట్ల మొదళ్లలో గడ్డి పీకుతున్నాను.