మైపాడు కాలువలో గాలిపడవ

సంక్రాంతి వెళ్లాక బకింగ్‌హాం కాలువలో మా గాలి నింపే పడవ దించాలని నేనూ మా బావమరిదీ ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. ఆ రోజులకు ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గిపోతాయి, కాలువ నిండుగా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడుకు పాతిక కిలోమీటర్లు ఉంటుంది. తెల్లవారకముందే బయలుదేరాం. మొదట దారికి అటూ ఇటూ వరి మళ్లు, సముద్రం దగ్గరపడే కొద్దీ రొయ్యల గుంటలు. చీకట్లో ఆ గుంటల నీటికి గాలి కలిపే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు వినబడితే కాలువ దగ్గరికి వచ్చేసినట్టే.

మైపాడులో సముద్రం ఉండగా కాలువ ఎందుకని ఇంట్లో అడిగారు. చేపలు పట్టుకునే చిన్న గాలిపడవను కెరటాల మీదికి తీసుకుపోకూడదు. అడుగు చదునుగా, బరువు తక్కువగా ఉండే ఈ పడవను అల ఒక్క విసురుతో బోర్లా వేస్తుంది. కాలువ అలా కాదు. తీరానికి సమాంతరంగా, ఇసుక దిబ్బల చాటున నడుస్తుంది. 1806లో మద్రాసు వైపు మొదలైన తవ్వకం విడతలు విడతలుగా సాగింది. 1876-78 కరువులో కూలీలకు పని చూపడానికి మద్రాసు నగరంలో కొంత భాగం తవ్వారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరే దీనికి స్థిరపడింది. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. ఒకప్పుడు ఉప్పూ వంటచెరకూ మోసిన పెద్ద పడవలు తిరిగిన దారి ఇది. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. ఆ పూడికను చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

గట్టు మీద మొదటి పని చీపురుతో. గుల్లలు, ముళ్లు, గాజు పెంకులు ఊడ్చి, టార్పాలిన్ పరిచి, దాని మీద పడవ చుట్ట విప్పాం. మాది పీవీసీ గుడ్డ పడవ, గాలి నిలిచే అరలు మూడు. ఈత కొలనుల్లో పిల్లలు ఆడుకునే పలుచటి పడవలు చూడటానికి ఇలాగే ఉంటాయి కానీ, గాలపు కొక్కేల దగ్గరికి వాటిని రానివ్వకూడదు.

గాలి కొట్టడానికి ఒక వరుస ఉంది. ఒక అరను పూర్తిగా బిగించేసి రెండో దానికి పోతే, మధ్యనున్న అడ్డుతెర మీద భారమంతా పడి అతుకులు సాగుతాయి. అందుకని అన్నిటినీ ముందు సగం సగం నింపాలి. ఆ మెత్తదనం ఉన్నప్పుడే అడుగున చెక్క పలకలు అమర్చాలి. అవి కుదురుకున్నాక ఒక్కో అరా బిగించుకుంటూ రావాలి. కారు టైరుకు ముప్పై పీఎస్‌ఐ పైగా పడుతుంది, ఇలాంటి పడవకు మూడు దాటనక్కరలేదు. కాబట్టి పంక్చర్ల షాపులో కంప్రెసర్ పెట్టించే ఆలోచనే వద్దు. కాలితో తొక్కే పంపు, ఒత్తిడి చూపే చిన్న మీటరు చాలు. పడవ మీద తయారీదారు ఎంత రాస్తే అంతే.

మేము పంపు తొక్కుతుంటే వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. బొటనవేలితో పడవను నొక్కి చూశాడు.

"ఏం నాయనా, ఈ గాలిని నమ్ముకుని నీళ్లలోకి పోతారా?"

"మూడు అరలున్నాయి పెద్దాయనా. ఒకటి పోయినా మిగతా రెండూ ఒడ్డుకు చేరుస్తాయి."

"అయితే వంతెన స్తంభాల పక్కకు మాత్రం పోవద్దు. గుల్లలు పట్టి ఉంటాయి. మా వలలే కోసేస్తాయి."

ఆ మాట విలువ నీళ్లలోకి దిగాక తెలిసింది. నీటిమట్టానికి కాస్త పైన స్తంభం చుట్టూ గుల్లలు గుత్తులుగా అతుక్కుని, అంచులు బ్లేడుల్లా పైకి లేచి ఉన్నాయి. దూరంగానే తెడ్లు వేసుకుంటూ పోయాం.

నీళ్లలో దింపిన కాసేపటికి పడవ మెత్తబడింది. కంగారు పడనక్కరలేదు. చల్లటి నీళ్లు తగిలి లోపలి గాలి కుంచించుకుంటుంది. మళ్లీ నాలుగు తొక్కులు తొక్కితే సరిపోయింది. ఎండ ఎక్కి పడవను ఒడ్డున పెట్టినప్పుడు ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. గాలి వ్యాకోచించి గుడ్డ డప్పులా బిగుసుకుంటుంది. అప్పుడు కొంత వదిలెయ్యాలి, లేకపోతే అతుకులు విడిపోతాయి.

లంగరుకు ఇనుప కొక్కెం పెట్టుకోలేదు. గుడ్డసంచి నిండా ఇసుక పోసి తాడు కట్టాం. పడవ లోపల అడుగున దళసరి రబ్బరు చాప పరిచాం. గాలాలు వాడనప్పుడు బెండు ముక్కకు గుచ్చి ఉంచాం. ఇంత జాగ్రత్త ఎందుకో మొదటి జెల్ల చేప పడగానే అర్థమవుతుంది. వీపు మీద ఒక ముల్లు, రెక్కల దగ్గర రెండు, మూడూ గట్టిగా నిలబడతాయి. వాటికి రంపపు పళ్లుంటాయి, గుచ్చుకుంటే విషం కూడా. పడవ లోపల అది ఒక్కసారి పొర్లితే చాలు. బావమరిది దాన్ని నీళ్ల మీదే పట్టుకారుతో పట్టి, తడిగుడ్డ కప్పి, మూతున్న బకెట్‌లో వేశాడు. తర్వాత జానెడు పండుగప్ప ఒకటి పడింది. ఎదగాల్సిన చేప, వదిలేశాం.

పొద్దెక్కాక సముద్రం మీది నుంచి గాలి మొదలైంది. పడవ దానంతట అదే పడమటి గట్టుకు జరిగిపోతోంది. గాలిపడవ నీటి మీద తేలుతుందే కానీ నీటిని పట్టుకోదు, ఎటు వీస్తే అటే పోతుంది. తెడ్డు బలం ఉండగానే వెనక్కు తిరగాలని మా నియమం. లైఫ్ జాకెట్లు ఒడ్డు చేరేదాకా విప్పం.

ఇంటికొచ్చాక మొదలయ్యే పనే పడవ ఆయుష్షును నిర్ణయిస్తుంది. పడవను మళ్లీ ఉబ్బించి మంచినీళ్లతో కడిగాం. పక్క గొట్టం అడుగు గుడ్డను కలిసే చోట సన్నటి సందు ఉంటుంది. ఇసుకంతా అక్కడే చేరుతుంది, తొక్కిన ప్రతిసారీ గుడ్డను గరగరా అరగదీస్తుంది. మెత్తటి బ్రష్షూ స్పాంజీ పట్టుకుని ఆ సందులోనే ఎక్కువ సేపు కూర్చున్నాం. సబ్బునీళ్లు చాలు. పెట్రోలు, పాలిష్ ద్రవాలు పీవీసీని పాడుచేస్తాయి.

మర్నాడు ఒక అర కాస్త వదులైంది. సబ్బునురుగు పూసి చూస్తే గుడ్డ మీద ఎక్కడా బుడగ లేదు. వాల్వు అంచున మాత్రం చిన్న చిన్న బుడగలు వరుసగా లేస్తున్నాయి. మూత విప్పితే రబ్బరు వాషరు మీద ఒకే ఒక్క ఇసుక రేణువు. తడిగుడ్డతో తుడిచి బిగిస్తే ఆగిపోయింది. ముందు వాల్వు చూడకుండా అతుకు డబ్బా తెరవకూడదు. నిజంగా చిల్లు పడితే అక్కడ గాలి తీసేసి, గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, పీవీసీ జిగురు రెండు పూతలు పూయాలి. ఒక్కో పూత ఆరనిచ్చి అతుకును గట్టిగా అదిమి, ఒక రోజంతా కదల్చకుండా ఉంచాలి. తొందరపడి వేసిన అతుకు నీళ్లలో ఊడిపోతుంది.

పడవను నీడలో ఆరబెట్టాం. ఎండలో త్వరగా ఆరుతుంది, అంతే త్వరగా గుడ్డ పెళుసెక్కుతుంది. చెమ్మ ఏమాత్రం మిగిలినా మా కోస్తా గాలికి బూజు పడుతుంది. పూర్తిగా ఆరాక టాల్కం పొడి చల్లి, ప్రతిసారీ ఒకే మడత మీద పడకుండా వదులుగా చుట్టి సంచిలో పెట్టాం. అటక మీద ఎలుకలు తిరుగుతాయి కనుక ఆ సంచిని దూలానికి వేలాడదీశాం. ఈసారి సోమశిల జలాశయానికి పోదామంటున్నాడు బావమరిది. అక్కడి మత్స్యకారుల సంఘంతో మాట్లాడి, వాళ్లు సరేనంటేనే వెళ్దామన్నాను.