రోజుకో పేజీ, పెద్దమ్మ చేతులు

మొన్న గురువారం ఒక వారపత్రిక నుంచి మెయిల్ వచ్చింది. కథ తీసుకుంటున్నాం, కథ మీ సొంతమేనని హామీపత్రం పంపండి అని. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు, అందుకే వెంటనే రాసేస్తున్నాను.

నిరుడు సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెట్టాను. పొద్దున్నే 5 గంటలకు లేచి, పిల్లలు లేచేలోపు లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ. లేవడం కష్టమని అందరూ భయపెట్టారు గానీ పది రోజుల్లో అలవాటైపోయింది. జ్వరం వచ్చిన రోజు కూడా నాలుగు లైన్లు రాశాను, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

మూడు నెలలు గడిచాక, ఆ ధైర్యంతోనే శ్రీకాకుళంలో మా వీధికి దగ్గర్లో జరిగే ఒక కథల సమావేశానికి వెళ్ళి కథ చదివాను. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఒక ఆవిడ కథ. మా పెద్దమ్మ చాలా ఏళ్ళు ఆ పనే చేసింది కాబట్టి నాకు బాగా తెలిసిన విషయమే అనుకున్నాను. చదవడం అయ్యాక నలుగురైదుగురు "బావుంది, శైలి బావుంది" అన్నారు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన మాత్రం "రెండో పేజీ మళ్ళీ చదువు బాబూ" అన్నారు. చదివాను. అందులో ఆవిడ పని నుంచి ఇంటికొచ్చి, మల్లెమొగ్గల్లాంటి వేళ్ళతో కూతురి తల నిమురుతుంది.

"పిక్కలు కొట్టే మనిషి వేళ్ళు ఎలా ఉంటాయి?" అని అడిగారాయన.

నోట మాట రాలేదు. ఆయన ఆగలేదు. పిక్క దేంతో కొడతారు, కూర్చుని కొడతారా నిలబడా, రోజు కూలా కిలో లెక్కా, పప్పు విరిగిపోతే ఏం చేస్తారు? ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. అంతమంది ముందు చేతిలో కాగితాలు పట్టుకుని అలా నిలబడిపోయాను. ఎవరో కిసుక్కున నవ్వారు. "నువ్వు మీ పెద్దమ్మని చూడలేదు నాయనా, పత్రికల్లో కథలు చూశావు" అని ఆయన కూర్చున్నారు. టీ కూడా తాగకుండా వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన అడిగింది న్యాయమే, నవ్విన మనిషిని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. కొత్తగా రాసేవాళ్ళ ముందు అలా నవ్వడం చాలా తప్పు. అంతకన్నా పెద్ద తప్పు ఆ "బావుంది" అన్నవాళ్ళది, వాళ్ళ మాట నమ్మి ఉంటే ఇంకో మూడేళ్ళు అదే రాసేవాణ్ణి.

మర్నాడు నోట్‌బుక్‌లు తీసి మొదటి నుంచీ చదివాను. ప్రతి పేజీలో వెన్నెల, నిట్టూర్పు, కన్నీళ్ళు. రోజూ రాస్తున్నానన్న మాటే గానీ రోజూ అదే తప్పుని గట్టిగా బిగిస్తున్నాను.

ఆదివారం రైలెక్కి పలాస వెళ్ళాను. పెద్దమ్మ చేతులు మొదటిసారి సరిగ్గా చూశాను. బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లగా గట్టిపడి ఉన్నాయి. తొక్కలోంచి వచ్చే జిడ్డు చర్మాన్ని కాల్చేస్తుంది, అందుకే పక్కన బూడిద పెట్టుకుని, వేళ్ళకి అద్దుకుంటూ కొట్టేవారట. పప్పు నిండుగా వస్తే గుండు, చీలితే బద్ద, ధర వేరు. "ఏట్రా, ఇయ్యన్నీ ఇప్పుడు అడుగుతున్నావు?" అంది. ఆ మాటకి మళ్ళీ సిగ్గేసింది.

అప్పటి నుంచి పేజీ మార్చాను. ఒక నెలంతా చేతులతో చేసే పని ఒక్కటే: చెప్పులు కుట్టే ఆయన, పెసరట్టు వేసే ఆవిడ, బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే అమ్మాయి. పోలికలు పూర్తిగా బంద్. తర్వాతి నెల మాటలు మాత్రమే, బస్సులో విన్నవి విన్నట్టు. రాసిన పేజీని మూడో రోజు పైకి చదవడం, నాలుక తడబడిన చోట కొట్టేయడం. ఈ పైకి చదవడం వల్ల నాకు జరిగినంత మేలు ఇంకే పుస్తకం వల్లా జరగలేదు.

కథకులు కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం, మా ఊళ్ళోనే ఉంది. ఇన్నేళ్ళుగా దాని ముందు నుంచి బండి మీద వెళ్ళిపోతూనే ఉన్నాను. లోపలికి వెళ్ళి పాత వారపత్రికలు తిరగేశాక, మంచి కథల్లో మనుషులు ఏదో ఒక పని చేస్తూ కనిపిస్తారని అర్థమైంది. కథ రాయాలనుకునే ఉత్తరాంధ్ర వాళ్ళు అక్కడికి వెళ్ళకపోతే అది వాళ్ళ నష్టమే.

కథ తిరిగి రాయడానికి ఐదు నెలలు పట్టింది, ఏడుసార్లు. మొదట పంపిన పత్రిక ఎనిమిది నెలలు ఔననలేదు, కాదనలేదు. తిప్పి పంపడానికి ఒక లైను రాయలేరా? మీరైతే మూడు నెలలు చూసి, ఉపసంహరించుకుంటున్నానని మెయిల్ పెట్టి ఇంకోచోటికి పంపేయండి. అంతకాలం కాచుకోవద్దు.

హామీపత్రం పంపేముందు శనివారం పెద్దమ్మకి కథంతా చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. ఒకచోట చెయ్యెత్తి ఆపింది.

"బూడిద కుడిపక్కనెట్టావేట్రా? కుడిచేతిలో కర్రుంటాది కదా. ఎడంపక్కనెట్టు."

మార్చి పంపాను.