కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ప్రపంచ కప్పుకు

2020లో జరగాల్సిన అండర్-17 అమ్మాయిల ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కరోనా దెబ్బకు ముందు వాయిదా పడింది, తర్వాత ఏకంగా రద్దయింది. బదులుగా 2022 పోటీలు మన దేశానికే ఇచ్చారు. హమ్మయ్య అనుకుని రైలు టికెట్లు చేయించుకున్నామో లేదో, ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది, పోటీలే మన దగ్గర జరగవేమో అన్నట్టయింది. బయటివాళ్ల జోక్యం ఎక్కువైందని కారణం. నెలాఖరులోపే ఆ సస్పెన్షన్ ఎత్తేశారు గానీ, ఆ కొద్ది రోజులూ మా అన్న బిడ్డ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేకుండా చేసింది.

ఎనిమిదో తరగతి పిల్ల. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, అదే జేఎన్ఎస్‌లో పొద్దున్నే ఆడుతుంది, ఎక్కువగా మగపిల్లలతోనే. రెండు జట్లకు సరిపడా ఆడపిల్లలు అక్కడ ఏనాడూ పోగవరు. "ఆడపిల్లకు బంతాటేంది" అని మా అమ్మ సణిగినప్పుడల్లా నిజామాబాద్ గుగులోత్ సౌమ్య పేరు చెబుతుంది. ఇండియాకు ఆడిన సౌమ్య ఆ ఏడాదే క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. క్రొయేషియా ఎక్కడుందో మా అమ్మకు తెలియదు, అయినా ఆ పేరు వినగానే నోరు మూస్తుంది.

దసరా సెలవులు అయిపోంగనే వరంగల్‌లో కోణార్క్ ఎక్కాం. బడి ఎగ్గొట్టడానికి వాళ్ల నాయిన ఒప్పుకున్నాడు, వాళ్లమ్మ ఒప్పుకోలేదు. అయినా డబ్బాలో సర్వపిండి, పండక్కి చేసిన గరిజెలు సర్దిపెట్టింది. బెజవాడ దాటేలోపే సర్వపిండి ఖతం. గోదావరి బ్రిడ్జి మీద పిల్ల కిటికీ వదల్లేదు. వైజాగ్ తర్వాత ఇద్దరం నిద్రపోయాం, లేచేసరికి భువనేశ్వర్.

అమెరికాతో మనోళ్ల మ్యాచ్ రాత్రి ఎనిమిదింటికి. పగలంతా ఊరు తిరిగాం గానీ గుర్తున్నది ఒక్కటే, దహీబరా ఆలూదమ్. పెరుగు వడల మీద ఆలుగడ్డ కూర, ఆ పైన బఠానీల ఘుగుని. చూడగానే మొహం చిట్లించింది. రెండో ప్లేటు మాత్రం తనే అడిగింది.

కళింగ స్టేడియానికి సాయంత్రమే చేరుకున్నాం, ముందు బ్రెజిల్, మొరాకో ఆట ఉందని. మొరాకో ఈ ప్రపంచ కప్పుకు రావడం అదే మొదటిసారి. అయినా బ్రెజిల్‌తో 0-1 కంటే ఎక్కువ పోనియ్యలేదు. అది చూసి నాకు ఆశ పుట్టింది. మొదటిసారి వచ్చినవాళ్లే ఇంత ఆడితే మనం మన గడ్డ మీద ఆ మాత్రం ఆడలేమా అని.

చీకటి పడేసరికి స్టాండ్లు నిండాయి. జనగణమన పాడుతుంటే మన కెప్టెన్ అస్తం ఉరావ్ పెద్ద తెర మీద కనిపించింది. జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా పిల్ల. సర్కారు వాళ్ల ఊరికి ఆమె పేరు మీద రోడ్డు వేస్తుంటే, అమ్మానాన్న ఆ పనికే కూలికి పోయారని అప్పుడే పేపర్లలో చదివాం. దాని గురించి గర్వపడాలో సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అమెరికా మొదటి గోల్ 9వ నిమిషంలో. సగం ఆటకే అయిదు. ఆరోది, ఏడోది పడ్డప్పుడు మా చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీశారు. ఎనిమిదోది 62వ నిమిషంలో మియా భూటా వేసింది, భారతీయ మూలాలున్న అమ్మాయి. "ఆమె మనోళ్ల పిల్లే కదా" అని వెనక సీటాయన అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నేనైతే గోల్స్ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పిల్ల చూసింది వేరు. "చిన్నాయనా, వాళ్లు బంతి రాకముందే ఎనకకు జూస్తున్నరు. మనోళ్లు వచ్చినంక జూస్తున్నరు" అంది. ఆ తర్వాత నేనూ అదే గమనించాను. అమెరికా పిల్ల దగ్గరకు బంతి వస్తుంటే మెడ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతుంది. భుజం అప్పటికే సగం మళ్లి ఉంటుంది. బంతి తగలడం, ముందుకు పోవడం ఒకే ఊపు. మన పిల్ల మాత్రం బంతిని ఆపి, తల ఎత్తి, ఎవరికివ్వాలా అని వెతికేలోపు మీద ఇద్దరు వాలిపోతారు. ఉరుకుడులో మనోళ్లేం తక్కువ కాదు. ఆ అర సెకను దగ్గరే ఆట పోయింది.

ఆ అర సెకను మైదానం చుట్టూ పరుగులు పెడితే రాదు. తమకంటే గట్టి జట్లతో మళ్లీ మళ్లీ ఆడాలి. ఆ జూన్‌లో మన జట్టు ఇటలీలో ఒక ఆహ్వాన టోర్నీకి వెళ్లి ఇటలీ మీద 0-7తో, చిలీ మీద 1-3తో ఓడింది. తర్వాత నార్వే వెళ్లింది. మంచిదే, కానీ అది ప్రపంచ కప్పుకు నాలుగు నెలల ముందు. అలాంటి పిలుపులు ఈ పిల్లలకు పదమూడేళ్లప్పటి నుంచే ఏటా రావాలి. రాకపోతే మనమే నాలుగు దేశాలను పిలిచి ఆడించాలి. ఆతిథ్య దేశమని చోటు దక్కించుకోవడం వేరు, ఆడి సంపాదించడం వేరు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఎనిమిదో గోల్ తర్వాత చివరిదాకా ఇంకో గోల్ పడనివ్వలేదు. ఆ అరగంట స్టేడియంలో వెళ్లిపోకుండా మిగిలినవాళ్లు, మన గోల్‌కీపర్ బంతి పట్టిన ప్రతిసారీ గోల్ కొట్టినంత గోల చేశారు.

మిగతా రెండు ఆటలు ఇంటికొచ్చి టీవీలో చూశాం. మొరాకో మీద 0-3, బ్రెజిల్ మీద 0-5. మొత్తం పదహారు గోల్స్ ఇచ్చాం, ఒక్కటీ వేయలేదు. నవీ ముంబైలో ఫైనల్‌కు పోదామని పిల్ల అడిగింది గానీ, ఈసారి వాళ్ల నాయిన కూడా ఒప్పుకోలేదు. కొలంబియా సెల్ఫ్ గోల్‌తో స్పెయిన్ 1-0తో గెలిచింది.

ఇప్పుడు జేఎన్ఎస్‌లో కొత్త కసరత్తు మొదలైంది. ఒకరు బంతి పాస్ ఇస్తారు. అందుకునే పిల్ల వెనక ఇంకొకరు నిలబడి వేళ్లు చూపిస్తారు. బంతి కాలికి తగిలేలోపు మెడ తిప్పి ఎన్ని వేళ్లో చెప్పాలి, లేకపోతే పాస్ చెల్లదు. వేళ్లు చూపే డ్యూటీ నాది. మొన్న చలికి చేతులు జేబులో పెట్టుకున్నానని, "సున్నా" అని అరిచి బంతి తీసుకుపోయింది.