చుక్కికి రోజూ వంద మిల్లీలీటర్లు

2023 మే నెలాఖరు. విజయవాడలో రోహిణి కార్తె ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి. ఆ రోజుల్లో మా పిల్లి చుక్కి బాత్రూంలో బకెట్ అంచు మీద ముందుకాళ్లు ఆనించి, తల లోపలికి వంచి, గదిలోకి వినపడేలా నీళ్లు తాగుతుంటే మేమంతా సంతోషించాం. "ఎంత తెలివైందో చూడు, ఎండకి తనే నీళ్లు తాగుతోంది" అంది అమ్మ. నేనూ అలాగే అనుకుని బకెట్ ఎప్పుడూ నిండుగా ఉంచేదాన్ని.

ఆ నీళ్లు తాగడమే కిడ్నీ జబ్బుకి మొదటి గుర్తు అని నాకు నెలన్నర తర్వాత తెలిసింది.

చుక్కి 2010 వానాకాలంలో సత్యనారాయణపురంలో మా ఇంటి మెట్ల కింద దొరికింది. అరచేతిలో పట్టేంత పిల్ల. ఒళ్లంతా తెలుపు, నుదుటి మీద మాత్రం బొట్టు పెట్టినట్టు నల్ల మచ్చ. పాలన్నం, పెరుగన్నం, ఆదివారం చేప ముక్కలు తిని పెరిగింది. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పరీక్షల రోజుల్లో నేను దిద్దే పేపర్ల కట్ట మీదే దాని పడక.

నీళ్లతో పాటు ఇంకొకటి కూడా మారింది. రోజూ పొద్దున్నే ట్రేలో చుక్కి మూత్రానికి గడ్డకట్టిన ఇసుక తీసేది నేనే. అంతకుముందు నిమ్మకాయంత ఉండే గడ్డలు ఆ వేసవిలో బత్తాయంత అయ్యాయి. నా చేత్తోనే తీశాను, బరువు కూడా తెలిసింది. అయినా అది ఎందుకని ఆలోచించలేదు. ఈ రెండింటినీ ఆ మే నెలలోనే కలిపి చూసుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధపడతాను. పిల్లిని పెంచుకునేవాళ్లెవరైనా నన్ను సలహా అడిగితే ముందు ఇదే చెప్తాను. ఇసుక గడ్డలు చూడండి, నీళ్ల గిన్నె చూడండి.

జూన్‌లో వాంతులు మొదలయ్యాయి. పొద్దున్నే తెల్లటి నురగ. ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే "వయసైపోయింది, పైగా ఎండలు" అని వాంతుల ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. పది రోజుల తర్వాత మళ్లీ అదే ఇంజెక్షన్. రక్తపరీక్ష మాట వాళ్లూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. జూలై రెండో వారంలో ఒకరోజు పొద్దున చుక్కి బాత్రూం గచ్చు మీద పడుకుని ఎంత పిలిచినా లేవలేదు. నోటి నుంచి జొల్లు, దగ్గరికెళ్తే ఘాటైన వాసన. మెడ మీది చర్మం పట్టుకుని పైకి లాగి వదిలితే, మామూలుగా టక్కున కిందికి వెళ్లిపోయేది, అలాగే నిలబడిపోయింది.

ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో పరిగెత్తాం. రక్తం, మూత్రం తీయించారు. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ 5.2, ఫాస్ఫరస్ 7.8, రెండూ ఎక్కువే. మూత్రం చిక్కదనం 1.012, అంటే దాదాపు నీళ్లలాగే ఉందన్నమాట. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అది 1.035 పైనే ఉంటుందట. బరువు మూడు కిలోల వంద గ్రాములు. ఏడాది క్రితం నాలుగు కిలోల పైన ఉండేది.

కిడ్నీలు పాడయ్యాయని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. పిల్లుల పూర్వీకులు ఎడారిలాంటి పొడి నేలల్లో బతికిన జంతువులు. ఒంట్లో నీటిబొట్టు వృథా కాకుండా మూత్రాన్ని బాగా చిక్కబరచడం వాటి కిడ్నీల ప్రత్యేకత. కిడ్నీలు మూడొంతుల్లో రెండొంతులు పాడయ్యేసరికి ఆ శక్తి పోతుంది. నీళ్లు ఒంట్లో నిలవకుండా పోతుంటాయి, పోయినదాన్ని పూడ్చుకోవడానికి పిల్లి తాగుతూ ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగి కనపడేది ఆ తర్వాత ఎప్పుడో. అంటే మేము సంబరపడ్డ ఆ బకెట్ నీళ్లతో చుక్కి తన ప్రాణం తనే నిలబెట్టుకుంటోంది.

"నయమవుతుందా మేడం?" అని అడిగాను.

"పోయిన కిడ్నీ తిరిగి రాదమ్మా. మిగిలినదాన్ని కాపాడుకుందాం. అందులో నేను చేసేది తక్కువ, ఇంట్లో మీరు చేసేదే ఎక్కువ" అన్నారు.

మూడు రోజులు అక్కడే ముందుకాలి నరానికి సెలైన్ పెట్టారు. క్రియాటినిన్ 3.4కి దిగింది. నీరసం తగ్గి స్థిమితపడ్డాక వచ్చే అంకెతోనే జబ్బు ఏ దశలో ఉందో చెప్పాలట. మొత్తం నాలుగు దశల్లో చుక్కిది మూడోది.

ఇంటికి వచ్చాక మొదటి వారం నేను చేసిన తప్పు చెప్పాలి. చుక్కి తినలేదు. గిన్నె దగ్గరికి వచ్చేది, వాసన చూసేది, పెదాలు రెండు మూడుసార్లు నాక్కుని మొహం తిప్పుకునేది. మన ఇళ్లలో మనిషైనా పిల్లయినా తినకపోతే ప్రాణం కొట్టుకుంటుంది కదా. అమ్మ గంటకోసారి "ఏమైనా తిందా?" అని అడుగుతూనే ఉంది. నాకు టెన్షన్ పెరిగిపోయి, కిడ్నీ జబ్బు పిల్లుల కోసం తయారుచేసిన మెత్తటి ఆహారాన్ని నీళ్లలో కలిపి సిరంజితో నోట్లో కొట్టడం మొదలుపెట్టాను. టవల్లో చుట్టి, ఒళ్లో బిగించి పట్టుకుని, రోజుకి నాలుగుసార్లు. సగం బయటికే వచ్చేది. నాలుగో రోజుకి నా అడుగుల చప్పుడు వినగానే మంచం కిందికి దూరడం మొదలుపెట్టింది. పదమూడేళ్లు నా పేపర్ల మీద పడుకున్న పిల్లి నన్ను చూసి దాక్కుంది. ఆ రాత్రి నేను ఏడ్చాను.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే వెంటనే ఆపేయమన్నారు. "దానికి ఆకలి లేక కాదమ్మా, కడుపులో తిప్పుతోంది. పెదాలు నాక్కుంటోంది చూశారా, అది వికారం. అలా ఉన్నప్పుడు బలవంతంగా కుక్కితే ఆ తిండి మీదే అసహ్యం పుడుతుంది, రేపు బాగున్నా ఇక ముట్టదు. ముందు వికారం తగ్గిద్దాం" అని మారోపిటాంట్ రాశారు. ఆకలి పుట్టడానికి మిర్టాజపిన్ అనే మాత్రలో చిన్న ముక్క, రోజు విడిచి రోజు. కిడ్నీ ఆహారాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టేసి, ఉప్పూ మసాలా ఏమీ లేకుండా ఉడికించిన కోడిమాంసం ఎదురుగా పెట్టి వదిలేయమన్నారు. గిన్నె పెట్టి పక్కకి వెళ్లిపోవాలి, చూస్తూ కూర్చోకూడదు. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

రెండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చింది. చీకట్లో వంటగదిలోంచి చిన్న చప్పుడు. స్టీలు గిన్నె గచ్చు మీద కొంచెం కొంచెంగా జరుగుతోంది. చుక్కి తింటున్నప్పుడు గిన్నెను మూతితో తోసుకుంటూ గోడ దాకా తీసుకెళ్తుంది, చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. లైటు వేయలేదు, లేవలేదు. ఆ గిన్నె గోడకి తగిలిన చప్పుడు వినేదాకా ఊపిరి బిగబట్టి పడుకున్నాను.

సెలైన్ సంగతి. వారానికి రెండుసార్లు క్లినిక్‌లో చర్మం కింద ఎక్కించేవారు. ఆటో ఎక్కగానే చుక్కి గుండె దడదడా కొట్టుకోవడం నా చేతికి తెలిసేది. "ఇంట్లోనే రోజూ ఎక్కించొచ్చు, మీరే నేర్చుకోండి" అన్నారు డాక్టరమ్మ. సూదంటే నాకు భయం, మా ఆయనకి ఇంకా భయం. అయినా నేర్చుకున్నాను.

కావలసినవి అన్నీ మామూలు మందుల షాపులోనే దొరుకుతాయి. రింగర్ లాక్టేట్ సీసా, డ్రిప్ సెట్, 20 గేజ్ సూదులు. సీసాని కిటికీ పైన కర్టెన్ రాడ్‌కి వేలాడదీస్తాను. గొట్టంలో గాలి పోయేదాకా కొంచెం నీళ్లు వదిలేస్తాను. చుక్కిని నా మోకాలికి ఆనించి చాప మీద కూర్చోబెట్టి, రెండు భుజాల మధ్య వదులు చర్మాన్ని ఎడమచేతి మూడు వేళ్లతో గుడారంలా పైకి లేపి, ఆ గుడారం వాకిట్లోకి సూదిని, మొన ఏటవాలుగా కోసి ఉన్న వైపు పైకి ఉండేలా, ఒళ్లుకి సమాంతరంగా తోస్తాను. లోపలికి వెళ్లాక రోలర్ తిప్పితే నీళ్లు దిగడం మొదలవుతుంది. వంద మిల్లీలీటర్లకి ఐదారు నిమిషాలు. చలికాలంలో సీసాని ముందుగా వేడినీళ్ల గిన్నెలో ఉంచి, ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూస్తాను, పసిపిల్లల పాలు చూసినట్టు. మే నెలలో మా ఇంట్లో ఆ పని అక్కర్లేదు, గదిలో ఉన్న సీసాయే గోరువెచ్చగా ఉంటుంది. రోజూ కొత్త సూదే. సీసాలో నీళ్లు ఏమాత్రం మసకగా కనపడినా ఎంత మిగిలినా పారేస్తాను.

మొదటిసారి సూది చర్మంలో ఒకవైపు దూరి ఇంకోవైపు బయటికి వచ్చింది. నాకు తెలియలేదు. చీర తడిసి ఒళ్లో చల్లగా తగిలాక చూసుకున్నాను. చుక్కి మాత్రం ఒక్కసారి తల తిప్పి నా వంక చూసి మళ్లీ ముందుకి తిరిగింది. రెండోసారి సరిగ్గా వెళ్లింది. నీళ్లు లోపల చేరి వీపు మీద కోడిగుడ్డంత ఉబ్బు వచ్చింది. అమ్మ కంగారుపడి, అది మామూలేనని చెప్పాక చేత్తో నిమిరి, "మా తల్లి ఒంగోలు గిత్తలా మూపురం పెంచింది" అని ముద్దు చేసింది. తెల్లారేసరికి ఆ నీళ్లన్నీ ఒంట్లో ఇంకిపోతాయి.

పక్కింటి పిన్నిగారు "పిల్లికి డయాలసిస్ చేస్తున్నావటే?" అని అడిగారు. డయాలసిస్ కాదు పిన్నిగారూ, రక్తాన్ని శుభ్రం చేసే యంత్రం ఏమీ లేదు, కిడ్నీలు నిలుపుకోలేని నీటిని మనం బయటి నుంచి ఇస్తున్నాం, అంతే అని చెప్పాను. ఈ వంద మిల్లీలీటర్లు చుక్కి బరువుకి, దాని గుండె పరీక్షించాక డాక్టరమ్మ చెప్పిన కొలత. గుండె బలహీనంగా ఉన్న పిల్లికి ఇదే ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. కాబట్టి ఎవరి పిల్లికి వాళ్ల డాక్టరు చెప్పిన లెక్కే.

తిండి దగ్గర అమ్మతో చాలా రోజులు పట్టింది. పాలల్లో, పెరుగులో, ముల్లుతో తినే చేపల్లో ఫాస్ఫరస్ ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో పేరుకుని కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. ఇదంతా చెప్తే అమ్మ తల ఊపేది, నేను స్కూలుకి వెళ్లగానే పాలమీగడ పెట్టేది. దొరికినప్పుడు "బతికినన్నాళ్లు నోటికి రుచిగా తిననీయవే, దాని కడుపు మాడ్చకు" అంది. కోప్పడలేకపోయాను. నన్నూ అమ్మ అలాగే పెంచింది. తర్వాతి పరీక్షకి అమ్మని కూడా వెంట తీసుకెళ్లాను. ఫాస్ఫరస్ 6.4 దగ్గరే ఆగిపోయి ఉంది. "ఐదు లోపుకి రావాలి పెద్దమ్మగారూ, మీ సాయం లేకపోతే రాదు" అన్నారు డాక్టరమ్మ. ఆ రోజు నుంచి అమ్మే కాపలా. కిడ్నీ ఆహారాన్ని మొదట చెంచాడు, వారం తర్వాత రెండు చెంచాలు, అలా కోడిమాంసంలో కలుపుతూ రెండు నెలల్లో పూర్తిగా మార్చింది అమ్మే. చేపల పులుసు వండే రోజున వంటగది తలుపు మూసేస్తుంది. అసలు ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూర ఏ పిల్లికీ పెట్టకూడదు, వాటి రక్తకణాలు చితికిపోతాయి. మనకి జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ అయితే పిల్లికి ప్రాణాంతకం. ఒక్క మాత్ర చాలు.

బీపీ కూడా ఉందని అక్టోబరులో తేలింది, 180. కిడ్నీ జబ్బున్న పిల్లులకి బీపీ చూడకపోతే ఉన్నట్టుండి చూపు పోవచ్చట. బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ 2.5 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క, రోజూ పొద్దున.

2024 ఫిబ్రవరిలో ఒక గండం గడిచింది. చుక్కి తల నిలపలేక గడ్డం ఛాతీకి ఆనించి నడవడం మొదలుపెట్టింది. నా ప్రాణం పోయినంత పనైంది. పొటాషియం పడిపోయిందని తేలింది, మూత్రంతో అది కూడా పోతుందట. మందు వేశాక వారానికి తల ఎత్తి నా మొహంలోకి చూసింది.

బరువు చూడటానికి నా లెక్కల పుస్తకాల్లోంచి ఒక పొడుగు నోట్‌బుక్ తీసి పెట్టుకున్నాను. ఇంట్లో తూకం మీద నేను ఎత్తుకుని నిలబడి తీసేస్తే సరిగ్గా రావట్లేదని, ప్రతి ఆదివారం పొద్దున కిందున్న కిరాణా కొట్టుకి ప్లాస్టిక్ బుట్టలో తీసుకెళ్తాను. కొట్టాయన ముందు ఖాళీ బుట్ట పెట్టి సున్నా చేసి, తర్వాత చుక్కిని కూర్చోబెడతాడు. కందిపప్పు కోసం వచ్చినవాళ్లు కూడా ఆగి అంకె చూస్తారు. 2023 ఆగస్టులో 3 కిలోల 150. సంక్రాంతికి 3 కిలోల 480. ఆ రోజు కొట్టాయన నాకంటే ముందే "పెరిగింది టీచరు గారూ!" అని కేకేశాడు.

ఇప్పుడు 2025 జూన్. చుక్కికి పదిహేనేళ్లు. పోయిన నెల క్రియాటినిన్ 3.6, ఫాస్ఫరస్ 4.7. క్రియాటినిన్ కొంచెం పెరిగింది, నాకు తెలుసు. కానీ పొద్దున్నే కిటికీ దగ్గర ఎండలో కూర్చుని ఒళ్లంతా నాక్కుంటుంది. జబ్బుగా ఉన్న రోజుల్లో అది ఒళ్లు శుభ్రం చేసుకోవడమే మానేసింది, బొచ్చు అట్టలు కట్టింది. ఇప్పుడు ఆ తెలుపు మళ్లీ మెరుస్తోంది.

ఈ ఆదివారం తూకం 3 కిలోల 460, పోయిన వారం కంటే ఇరవై గ్రాములు తక్కువ. ట్రేకి వెళ్లే ముందు తూచినా, వెళ్లొచ్చాక తూచినా ఆ మాత్రం తేడా వస్తుంది. వచ్చే ఆదివారం మళ్లీ చూస్తాను. సాయంత్రం ఆరున్నర అవుతోంది. అమ్మ చాప పరిచింది, కర్టెన్ రాడ్‌కి సీసా తగిలించిన చప్పుడు వినగానే చుక్కి మంచం దిగి, ఒళ్లు విరుచుకుని, తన చోటికి వచ్చి కూర్చుంది.