ఒకే పిన్ను మీద మోటారు, బటన్: ఏటీటైనీ85తో నా అనుభవం

దేవరకొండ వైపు పత్తికి మందు కొట్టే 12 వోల్టుల బ్యాటరీ పంపు ఇది. పాత స్పీడ్ రెగ్యులేటర్ తీసేసి ఏటీటైనీ85 అనే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్పుతో కొత్త బోర్డు కట్టాను. చిప్పుకున్నవి ఎనిమిది కాళ్లు. సప్లైకి రెండు, రీసెట్‌కు ఒకటి పోతే వాడుకోవడానికి మిగిలేవి అయిదే. నాబ్, బ్యాటరీ వోల్టేజి, ప్రెషర్ స్విచ్, ఎల్ఈడీ, మోటారుతో అవీ నిండిపోయాయి. పంపును పూర్తి వేగంతో నడిపే 'ఫుల్' బటన్‌కు చోటు లేక, మోటారు నడిపే పీబీ1 పిన్ను మీదే దాన్నీ పెట్టాను. 20 మిల్లీసెకన్లకోసారి పీడబ్ల్యూఎం (వేగం మార్చడానికి మోటారును వేగంగా ఆన్-ఆఫ్ చేసే పల్సులు) ఆపి, పిన్నును ఇన్‌పుట్‌గా వదిలి, బటన్ చూసి, మళ్లీ పీడబ్ల్యూఎంకు రావాలి.

పిన్ను నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్‌తో ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (మోటారు కరెంటును ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) గేటుకు, అంటే దాన్ని తెరిచి మూసే కాలుకు. గేటు నుంచి గ్రౌండుకు 10కె (10 కిలోఓమ్‌ల) రెసిస్టర్. బటన్ 5 వోల్టుల నుంచి 1కె ద్వారా పిన్ను వైపే కలవాలి, గేటు వైపు కాదు. మోటారుకు అడ్డంగా ఎస్‌బీ560 డయోడ్. మాస్‌ఫెట్ కొనేటప్పుడు పేరులో 'ఎల్' ఉందో లేదో చూసుకోండి. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ 5 వోల్టులకు పూర్తిగా తెరుచుకోదు.

బటన్ చూడటానికి మొదట, పిన్ను ఇన్‌పుట్టా అవుట్‌పుట్టా అని చెప్పే డీడీఆర్‌బీ రిజిస్టర్‌లో బిట్ ఒక్కటే తీసేశాను. నాబ్ ఫుల్‌లో ఉన్నప్పుడు మాత్రమే మాస్‌ఫెట్ కాలిపోయేంత వేడెక్కేది. కారణం ఆర్డునోలో పీడబ్ల్యూఎం ఇచ్చే అనలాగ్‌రైట్ ఫంక్షన్. 255 ఇస్తే అది పీడబ్ల్యూఎం వదిలేసి, పిన్ను హైనా లోనా అని చెప్పే పోర్ట్ బిట్‌ను 1 చేస్తుంది. ఆ పరిస్థితిలో డీడీఆర్ తీస్తే వచ్చేది హై ఇంపిడెన్స్ (పిన్ను ఎటూ లాగకుండా ఉండటం) కాదు, 20 నుంచి 50 కిలోఓమ్‌ల పుల్‌అప్, అంటే పిన్నును 5 వోల్టుల వైపు లాగే లోపలి రెసిస్టర్. కింద 10కె ఉంది కాబట్టి గేటు మీద 0.8 నుంచి 1.7 వోల్టులు నిలుస్తాయి. ఈ మాస్‌ఫెట్ తెరుచుకోవడం మొదలయ్యేదే 1–2 వోల్టుల మధ్య. సగం తెరిచిన తలుపు లాంటిది, వేడెక్కక ఏం చేస్తుంది? అప్పటి నుంచి అనలాగ్‌రైట్ మానేసి, పీడబ్ల్యూఎం విలువ ఉండే ఓసీఆర్0బీ రిజిస్టర్‌లో నేరుగా రాస్తున్నాను.

పిన్ను చదివే ఆర్డునో ఫంక్షన్ డిజిటల్‌రీడ్‌తోనూ ఇంకో తంటా ఉంది. చదివే ముందు అది పీడబ్ల్యూఎం పుట్టించే టైమర్‌ను పిన్ను నుంచి విడదీస్తుంది, మళ్లీ కలపదు. డీడీఆర్ వెనక్కి పెట్టినా మోటారు తిరగదు. పిన్నుల స్థితి చూపే పిన్‌బీ రిజిస్టర్‌నే చదవాలి.

ఇప్పుడు నడుస్తున్న వరుస ఇది. పోర్ట్ బిట్ 0 చేసి, టీసీసీఆర్0ఏ రిజిస్టర్‌లో టైమర్‌ను పిన్నుకు కలిపే కామ్0బీ1 బిట్ తీసేస్తాను. డీడీఆర్ ఇంకా 1లోనే ఉంటుంది. 10 మైక్రోసెకన్లలో గేటు 220 ఓమ్‌ల ద్వారా ఖాళీ అవుతుంది. ఈ మెట్టు దాటేస్తే గేటులో మిగిలిన ఛార్జి 10కె గుండా మెల్లగా దిగుతూ, నొక్కని బటన్‌ను నొక్కినట్టు చూపిస్తుంది. తర్వాత డీడీఆర్ 0, 50 మైక్రోసెకన్ల ఆగుడు, పిన్‌బీ చదవడం. నొక్కి ఉంటే పిన్ను మీద 4.5 వోల్టులు ఉంటాయి. లేకపోతే డీడీఆర్ 1 చేసి, కామ్0బీ1 తిరిగి పెట్టడమే. ఇలా పోయేది 0.3 శాతం సమయం, మోటారుకు తెలియదు.

బటన్ నొక్కి ఉంటే పీడబ్ల్యూఎంకు తిరిగి రానక్కర్లేదు. పిన్నును ఇన్‌పుట్‌గానే ఉంచితే బటనే గేటును నడుపుతుంది. వేలు తీయగానే 10కె దాన్ని కిందికి లాగుతుంది, పిన్‌బీలో 0 కనబడుతుంది. చిప్పు రీసెట్‌లో ఉన్నప్పుడు మోటారు ఆగి ఉండేదీ ఆ 10కె వల్లే.

ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు బ్యాటరీ తీసేయండి. ప్రోగ్రామ్ ఎక్కించే ఐఎస్‌పీ పద్ధతిలో పీబీ1 మిసో (చిప్పు నుంచి డేటా బయటికి పోయే) పిన్ను కూడా. డేటా పోతున్నంతసేపూ పంపు కొట్టుకుంటుంది.